ఆకుపచ్చ షీటు, పసుపుపచ్చ షీటు

సత్తెనపల్లి బస్టాండుకి దగ్గర్లో ఒక మందుల షాపు కౌంటర్ వెనక ముప్పై నాలుగేళ్ళు నిలబడ్డాను. నిలబడ్డాను అన్నది ఊరికే అనడం లేదు. షాపులో ఒకటే కుర్చీ, అది ఓనరు గారిది. ఏడో తరగతి సగంలో లెక్కల మాస్టారికీ నాకూ పడక బడి మానేశాను. ఆయన అక్కడే ఉండిపోయారు, నేను బయటికొచ్చేశాను. షాపులో గోడకి అద్దం బిగించిన ఫార్మసీ సర్టిఫికెట్ ఒకటి ఉండేది. అందులో ఫొటో ఉన్నాయన షాపులో ఉన్నప్పుడు మందులు ఆయనే ఇచ్చేవాడు. ఎప్పుడున్నాడని మాత్రం అడగొద్దు.

ఇప్పుడు మా వీధి పిల్లలు డిప్లొమాలు చదివి కౌంటర్ ఎక్కుతున్నారు. మంచిదే. వాళ్ళలో ఒకమ్మాయి "కోటయ్య బాబాయ్, నువ్వు నేర్చుకున్నది ఏదైనా రాసివ్వు" అంది. జ్వరం గురించి రాయను, షుగర్ గురించి రాయను. వాటికి డాక్టర్లున్నారు, పుస్తకాలున్నాయి, రోగికి కాస్త భయం కూడా ఉంది. తలనొప్పి గురించి రాస్తాను. దానికి ఈ మూడూ లేవు.

తలనొప్పే కదా

ఈ ఉద్యోగంలో నాకు ఒళ్ళు మండించిన మాట ఇదొక్కటే. కాలు విరిగినవాడికి కట్టు కనపడుతుంది. జ్వరం వచ్చినవాడి నుదురు కాలుతుంది. షుగరున్నవాడికి కాగితం మీద అంకె ఉంటుంది. ఆ అంకె నలుగురికీ చెప్పుకుని పెళ్ళి భోజనాల దగ్గర మర్యాద చేయించుకుంటాడు. తలనొప్పి ఉన్న మనిషి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మొహం మాత్రం ఉంటుంది, దాన్నెవరూ నమ్మరు.

నేను చెప్పేది ఎండలో తిరిగితే వచ్చి, టీ తాగితే పోయే నొప్పి గురించి కాదు. పార్శ్వపు నొప్పి గురించి. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. తలలో ఒక పక్కన, కణత దగ్గర, లోపల ఎవరో రోకలి పోటు వేస్తున్నట్టు ఉంటుందని చెప్పేవాళ్ళు. వెలుతురు పడదు, చప్పుడు పడదు, పోపు వాసన వస్తే వాంతి. ఒక పూట కావచ్చు, రెండు రోజులు కావచ్చు. పోతుంది, మళ్ళీ వస్తుంది. వచ్చే ముందు కొందరికి కళ్ళ ముందు మెరుపు గీతలు కూడా కనపడతాయి.

దీనికి ఇంట్లోవాళ్ళు చెప్పే కారణాలు వినాలి. గ్యాస్ తలకెక్కింది. పైత్యం. దిష్టి. సైటు వచ్చింది. తలంటుకుని సరిగ్గా తుడుచుకోలేదు. ఫోన్ చూస్తోంది. ఫోన్ లేని రోజుల్లో రేడియో వింటోంది అనేవాళ్ళు. ఇక వైద్యం. ఒకావిడ మా షాపుకి నుదుటిన శొంఠి పట్టు, కణతలకి బామ్, నెత్తిన ఆముదం, తలకి బిగించి కట్టిన తువ్వాలుతో వచ్చింది. ఆ తలకి పోపు పెట్టడం ఒక్కటే తక్కువ.

మగవాళ్ళు ఇంకా ఘనులు. ఒకాయన తన భార్య కోసం బిళ్ళ కొనడానికి వచ్చి, నాతో కన్ను గీటి, "మా ఆవిడకి చుట్టాలొస్తేనే వస్తుందయ్యా ఈ తలనొప్పి" అన్నాడు.

"చుట్టాలొచ్చిన రోజు ఆవిడ ఎన్నింటికి లేచింది?"

"నాలుగింటికేమో."

"టిఫిన్ ఎప్పుడు తిన్నది?"

ఆయన ఆలోచించాడు. "అందరూ తిన్నాక తింటుంది కదా."

"తిన్నదా?"

"ఏమో, నేను చూళ్ళేదు."

"మీరు కూడా ఒక రోజు నాలుగింటికి లేచి, పొయ్యి దగ్గర నిలబడి, మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఉండి, అప్పుడు రండి. బిళ్ళ ఊరికే ఇస్తాను."

ఆయన తర్వాత వేరే షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. నిద్ర తగ్గినా, తిండి ఆలస్యమైనా ఈ నొప్పి మీద పడుతుందని నాకు అప్పటికే తెలుసు. కొనడానికి వచ్చే మొహాలు చూసి చూసి తెలిసింది. నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. అది మా అల్మరాలోనే ఉంది.

రంగుల చదువు

మా ఓనరుని అందరం పెద్దాయన అనేవాళ్ళం. చెడ్డమనిషి కాదు. నేను చేరిన రోజు ఆయన నన్ను అల్మరాల ముందు నిలబెట్టి, "ఇంగ్లీషు వచ్చా?" అన్నారు.

"అక్షరాలు వచ్చండి. కలిపి చదవడం అంత రాదు."

"అక్కర్లేదు. రంగు చూడు, చోటు గుర్తుపెట్టుకో. కౌంటర్ దగ్గర ఆలోచిస్తూ నిలబడ్డవాడు పనికిరాడు."

అలాగే నేర్చుకున్నాను. ఆకుపచ్చ రేకు తలనొప్పి. పసుపుపచ్చ రేకు ఒళ్ళునొప్పులు. గులాబీ రంగు గ్యాస్. నీలం జలుబు. ఇప్పటికీ ఈ జిల్లాలో సగం మంది మందుల్ని రంగులతోనే అడుగుతారు, సగం మంది కౌంటర్‌వాళ్ళు రంగులతోనే ఇస్తారు. మధ్యలో ఆ మందు పేరు అనాథలా పడి ఉంటుంది.

నాకు దీనిలో ఎంత పేరొచ్చిందంటే, మనిషి బస్టాండు మలుపు తిరుగుతుండగానే నేను షీటు తీసి కౌంటర్ మీద పెట్టేవాడిని. వచ్చినవాళ్ళు "ఎప్పటిదే" అనేవాళ్ళు. కొందరు ఆ మాట కూడా అనేవాళ్ళు కాదు. తమ్ముళ్ళూ, ఈ ఉద్యోగంలో దీనికి మించిన గర్వం లేదు. మిమ్మల్ని హెచ్చరిస్తున్నాను: దీనికి మించిన దరిద్రం కూడా లేదు. ఎప్పటిదే అన్న మాటలో ప్రశ్న లేదు, జవాబు లేదు. ఎందుకు, ఎన్ని, ఎన్నాళ్ళు అన్నవి ఎవరూ అడగరు.

ఒకసారి ముందే దెబ్బ తిన్నాను. పత్తి చేలో పురుగుమందు కొట్టి ఒక రైతు నేరుగా షాపుకొచ్చాడు. తలనొప్పి, వాంతి అన్నాడు. నేను ఆకుపచ్చ షీటు తీశాను. మందులకొచ్చి అతని వెనక నిలబడిన ఆసుపత్రి నర్సమ్మ అతని చొక్కా వాసన చూసింది, కనురెప్ప ఎత్తి చూసింది, నల్లగుడ్డు సూదిమొనంత అయిపోయి ఉంది. "బిళ్ళ లోపల పెట్టి ఆటో పిలువు" అంది నాతో. అతను బతికాడు. తలనొప్పి అన్న మాట వినగానే చెయ్యి అల్మరాలోకి పోకూడదని ఆ రోజే నేర్చుకోవాల్సింది. నేర్చుకోలేదు. పురుగుమందు కొట్టినవాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డాను. రంగు విషయంలో పడలేదు.

రెండు ఎడమ చేతులు

నాగూర్‌బీ మా షాపు వెనక సందులో జాకెట్లు కుడుతుంది. అప్పటికి నలభై దాటిన మనిషి. ఆమె భర్త సుభానీ పత్తి మిల్లులో బేళ్ళు మోస్తాడు. ఆమె చేతిలో కుదిరిన జాకెట్టు వేసుకున్న ఆడవాళ్ళు ఇంకొకరి దగ్గరికి వెళ్ళరు. నోరు కూడా కత్తెరే.

ఏళ్ళ తరబడి ఆమెకి నేనిచ్చింది ఆకుపచ్చ షీటు. మొదట్లో నెలకి ఒకటి. తర్వాత తర్వాత ఆమె వారానికొకసారి కనపడింది, తర్వాత వారానికి రెండుసార్లు. నేను ఏమనుకున్నాను? పాపం నొప్పి పెరుగుతోంది, ఇంకో షీటు ఇద్దాం అనుకున్నాను. మిరపకాయల కాలంలో అయితే ఊరంతా ఘాటు. కల్లాల్లో ఎండబోసిన కాయల మీంచి గాలి వీస్తే మంచివాళ్ళకే కళ్ళు మండుతాయి. ఆ నెలల్లో ఆమెకి నొప్పి రోజూ వచ్చేది.

ఒక పెళ్ళిళ్ళ కాలంలో ఆమె ఆ నొప్పితోనే కూర్చుని పెళ్ళికూతురి జాకెట్టుకి రెండు ఎడమ చేతులు కుట్టేసింది. పెళ్ళికూతురి తల్లి ఆ జాకెట్టు పట్టుకుని సందు మొదట నిలబడి, "మా పిల్లకి కుడి చెయ్యి లేదనుకున్నావా?" అని అరిచింది. నాగూర్‌బీ అప్పుడు ఏమీ అనలేదు. ఆ మనిషి ఏమీ అనలేదంటేనే నాకు భయమేసింది. గిరాకీ తగ్గింది. గిరాకీ తగ్గిందని దిగులు, దిగులుకి తలనొప్పి, తలనొప్పికి ఆకుపచ్చ షీటు.

నా పోరు పడలేక పెద్దాసుపత్రికి వెళ్ళింది. అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఆమెని ఏ పరీక్షకీ పంపకుండా ఒకటే ప్రశ్న వేసిందట: నెలకి ఎన్ని బిళ్ళలు వేసుకుంటున్నావు? ఈమెకి తెలియదు. "తెలుసుకుని రా" అని పంపించింది.

నాగూర్‌బీ కౌంటర్ దగ్గరికొచ్చి, "కోటన్నా, నేను నెలకి ఎన్ని మింగుతున్నాను?" అంది.

ఊళ్ళో ఎవరికి ఏ మందో నోటికి చెప్పేవాడిని కదా. వేళ్ళు మడిచాను. రోజుకి రెండు. పెళ్ళిళ్ళప్పుడు మూడు. "అరవై. కొన్ని నెలలు ఎనభై."

వెనక నిలబడినాయన "నాకు దగ్గు మందు" అన్నాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ అన్న మాటలు నాగూర్‌బీ వచ్చి నాకు చెప్పింది. నొప్పి ఉన్న మనిషి ఆ బిళ్ళని రోజూ వేసుకుంటే, కొన్నాళ్ళకి ఆ బిళ్ళే నొప్పి తెస్తుంది. దాని పని అయిపోగానే తల మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ వేస్తాం, మళ్ళీ అడుగుతుంది. ముందు అది మానాలి. మానిన మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంతకు ముందెప్పుడూ లేనంత వస్తుంది, ఓర్చుకోవాలి. ఈలోగా నొప్పి రాకుండా ఆపే మందు వేరే రాసింది. అది రోజూ వేసుకోవాలి, పనిచేయడానికి వారాలు పడుతుంది. ఇంకో మాట, క్యాలెండర్ మీద నొప్పి వచ్చిన రోజుకి గుర్తు పెట్టుకోవాలి.

"అంటే ఇన్నేళ్ళూ నాకు తలనొప్పి అమ్మింది నువ్వన్నమాట" అంది నాగూర్‌బీ.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం మింగుడు పడలేదు.

ఏ పచ్చ?

నేను ఇవ్వకపోతే సరిపోదు. ఆ బిళ్ళ దొరకని చోటు మా ఊళ్ళో లేదు. అందుకని నేనే బయల్దేరి వీధిలోని షాపులన్నిటికీ చెప్పాను: నాగూర్‌బీ గానీ, సుభానీ గానీ వస్తే ఆకుపచ్చ షీటు ఇవ్వొద్దు. వాళ్ళు నా వైపు, వడదెబ్బ తగిలినవాడిని చూసినట్టు చూశారు. మిగిలింది సందు చివర చిల్లర కొట్టు. షాంపూ ప్యాకెట్ల పక్కన బిళ్ళల షీట్లు కూడా దండలా వేలాడదీసి అమ్ముతుంది వెంకాయమ్మ.

"మందులమ్మేవాడివి మందులమ్మొద్దని చెప్పడానికి ఇంత దూరం నడిచొచ్చావా?" అంది.

"ఆ పచ్చ షీటు ఒక్కటి ఇవ్వకు పిన్నీ, అంతే."

"ఏ పచ్చ?"

"పచ్చ షీటు."

"ఆకుపచ్చా, పసుపుపచ్చా? సరిగ్గా చెప్పి ఏడువు."

"ఆకుపచ్చే. పసుపుపచ్చది ఒళ్ళునొప్పులది. అది వేరు."

ఈ మాట ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. అప్పటికి ఆ రెండు షీట్లనీ ఏళ్ళ తరబడి అమ్ముతున్నాను. వాటి వెనక ఏం రాసుందో ఒక్కరోజు కూడా చూడలేదు.

నాగూర్‌బీ మానేసింది. రెండో రోజుకి కుట్టుమిషను ఆగిపోయింది. కిటికీకి దుప్పటి కట్టి, తలకి తడిగుడ్డ చుట్టుకుని పడుకుందని సుభానీ చెప్పాడు. నాలుగో రోజు అతను మిల్లు నుంచి నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చాడు. చొక్కా నిండా పత్తి పింజలు.

"ఒక్క బిళ్ళ ఇవ్వన్నా. ఒక్కటి."

"డాక్టరమ్మ వద్దంది కదా సుభానీ."

"డాక్టరమ్మ మా ఇంట్లో ఉందా? గోడకేసి తల కొట్టుకుంటోంది. పొద్దున్నుంచి నీళ్ళు కూడా ఆగట్లేదు కడుపులో."

"నీళ్ళు ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళు, వాంతికి సూది వేస్తారు. ఆ బిళ్ళ మాత్రం ఇవ్వను."

"ఇన్నాళ్ళూ చేటలో పోసి ఇచ్చావు. ఇప్పుడు ధర్మరాజువయ్యావు."

అతను అన్నదాంట్లో తప్పు ఒక్క అక్షరం లేదు. అయినా ఇవ్వలేదు. అతను ఆటో తెచ్చి ఆమెని తీసుకెళ్ళాడు, సూది వేయించాడు, తీసుకొచ్చాడు. నాతో మాట్లాడటం మానేశాడు.

ఆరో రోజు నాగూర్‌బీయే వచ్చింది, కొంగు కళ్ళ మీదికి లాక్కుని. వెలుతురు పడదు కదా. "తల సంగతి వదిలెయ్ అన్నా. ఒళ్ళంతా నొప్పులు. మెడ దగ్గర్నుంచి నడుం దాకా పట్టేసింది. దానికేమన్నా ఇవ్వు."

ఆరు రోజులు కాదన్న మనిషికి అవును అనడానికి ఒక సందు దొరికితే ఎంత హాయిగా ఉంటుందో మీకు చెప్పలేను. పసుపుపచ్చ షీటు తీసి చేతిలో పెట్టాను. రోజుకి రెండు అన్నాను.

రెండు రోజుల్లో ఆమె లేచి కూర్చుంది. వారానికి మిషను చప్పుడు వినపడింది. క్యాలెండర్ మీద గుర్తులు లేవు. చూశావా, డాక్టరమ్మ చెప్పినట్టే పది రోజుల్లో వదిలేసింది అని వీధంతా చెప్పాను. వెంకాయమ్మకి రెండుసార్లు చెప్పాను.

ఇరవయ్యో రోజుకి నొప్పి మళ్ళీ రోజూ రావడం మొదలుపెట్టింది.

చదవండి

డాక్టరమ్మ దగ్గరికి ఈసారి నేనూ వెళ్ళాను. వైద్యం పనిచేయలేదేమిటని అడుగుదామని, నిజం చెప్పాలంటే కాస్త నిలదీద్దామని. చిన్న వయసు. నా చొక్కా జేబులో నాలుగు పెన్నులు చూసి నేనెవరో కనిపెట్టేసింది.

"అరవై అని లెక్క చెప్పింది మీరేనా? మంచి పని చేశారు."

నేను నిటారుగా నిలబడ్డాను.

ఆమె నాగూర్‌బీని వేసుకున్నవన్నీ బల్ల మీద పెట్టమంది. సంచీలోంచి పసుపుపచ్చ షీట్లు బయటపడ్డాయి, ఖాళీవి, మూడు. డాక్టరమ్మ ఒకటి తిప్పి చూసి, తన సొరుగులోంచి ఆకుపచ్చది ఒకటి తీసి పక్కన పెట్టింది. రెండూ నా ముందుకి జరిపింది.

"వెనక చదవండి."

"కళ్ళజోడు తెచ్చుకోలేదండి" అన్నాను. నాకు అప్పటికి కళ్ళజోడే లేదు.

ఆమె చదివింది. ఆకుపచ్చ మీద వేలు పెట్టి, "పారాసెటమాల్. కెఫీన్." పసుపుపచ్చ మీద వేలు పెట్టి, "పారాసెటమాల్. కెఫీన్. ఇదీ పచ్చే, అదీ పచ్చే. కంపెనీ వేరు, రంగు వేరు. ఈవిడ పూర్తిగా మానలేదండీ. ఆరు రోజులు మాని మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరిచ్చారివి?"

నాగూర్‌బీ వెంటనే, "నేనే అడిగానమ్మా" అంది.

నా నోరు ఎప్పుడూ నాకంటే ముందుండేది. అప్పుడు మాత్రం కాసేపు నా వెనక నడిచింది. "నేనిచ్చానండి" అన్నాను చివరికి.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మళ్ళీ మొదటి రోజు నుంచి" అని రాసుకుంది.

బయటికొచ్చాక నాగూర్‌బీ మెట్ల మీద కూర్చుంది. "ఆ ఆరు రోజులూ పోయినట్టేనా అన్నా?"

"పోయినట్టే."

"నాకు మళ్ళీ చేతకాదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నరసరావుపేట నుంచి ఒకామె మిషను చూడటానికి వస్తానంది. శుక్రవారం. ఇచ్చేస్తాను. కుట్టుపని లేకపోతే కంటికి శ్రమ ఉండదు, ఏదో పడుంటాను."



మిషను చప్పుడు

ఆ రోజే కళ్ళజోడు కొన్నాను. సొంత అల్మరాల ముందు స్టూలేసుకుని, ఒక్కొక్క అట్టపెట్టె తీసి, వెనక సన్న అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. పి, ఎ, ఆర్, ఎ. నాలుగు రోజులు పట్టింది. అవే రెండు మందులు ఏడు రంగుల షీట్లలో ఉన్నాయి మా షాపులో. జలుబుదని నేను నీలం షీటు ఇచ్చేవాడిని చూడండి, దాంట్లోనూ పారాసెటమాల్ ఉంది. ఏడింటినీ ఒక అట్టపెట్టెలో వేసి, పైన తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: తలనొప్పి తెచ్చేవి.

పెద్దాయన చూసి కుర్చీలోంచి లేచారు. "ఇదేంట్రా కోటయ్యా, మన షాపులో మనమే బోర్డు పెట్టుకోవడం?"

"ఎక్కువ మింగితే అని కింద రాస్తానండి. చోటు చాల్లేదు."

"గిరాకీ ఏమనుకుంటుంది?"

"అడుగుతుందండి. అడిగితే చెబుతాను. ఇన్నాళ్ళూ అడగలేదు, చెప్పలేదు, అదే కదా గొడవ."

ఆయన పెట్టెని బయటివాళ్ళకి కనపడకుండా గోడ వైపు తిప్పారు. తీసెయ్యమని మాత్రం అనలేదు. ఆయనతో ఎప్పుడూ అంతే, సగం దాకా వచ్చేవారు.

వెంకాయమ్మ దగ్గరికి కూడా వెళ్ళాను. నేను నోరు తెరవకముందే, "ఏ పచ్చ అని నేను అప్పుడే అడిగాను" అంది. పసుపుపచ్చ దండ అప్పటికే తీసి లోపల పెట్టింది.

శుక్రవారం సంగతి సుభానీ చెప్పాడు. నాతో మాట్లాడటం మానేసినవాడు ఇది చెప్పడానికే వచ్చాడు. నాగూర్‌బీ అమ్మేస్తానంది గానీ బిళ్ళలు కూడా మానేసిందట, అప్పటికి నాలుగో రోజు. తడిగుడ్డ కట్టుకుని చీకటి గదిలో పడుకుని ఉండగా నరసరావుపేట ఆవిడ వచ్చింది. మిషను ఎలా ఉందో చూడాలి కదా, కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. టకటకటకా. గది దద్దరిల్లిందట. నాగూర్‌బీ గోడ పట్టుకుని లేచి బయటికొచ్చింది.

"ఆపమ్మా" అందట. "ఆ చప్పుడు నేను చేస్తే ఓర్చుకుంటాను. ఇంకొకరు చేస్తే ఓర్చుకోలేను. మిషను ఇవ్వను, వెళ్ళిరా."

సుభానీ ఇది చెప్పి, కౌంటర్ మీద చెయ్యి పెట్టి, "బిళ్ళ అడగడానికి రాలేదులే అన్నా" అని వెళ్ళిపోయాడు.

ఈసారి పన్నెండు రోజులు పట్టింది. పన్నెండు రోజులూ నేను ఆ సందు వైపు నుంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికెళ్ళాను. పదమూడో రోజు మిషను చప్పుడు విన్నాను, కొద్దిసేపే.

తర్వాత ఆమె చేసిన పనులు చెబుతాను, రాసుకోండి, ఎందుకంటే మాత్ర ఒక్కటే ఇచ్చి పంపితే సగం పనే. పొద్దున ఏడింటికల్లా ఏదో ఒకటి తినేది, జాకెట్టు తొందరగా కావాలన్నవాళ్ళు గుమ్మంలో నిలబడ్డా సరే. మిషనుని కిటికీకి ఎదురుగా కాకుండా పక్కకి తిప్పించింది, ఎండ కళ్ళలో కొట్టకుండా. రోజుకి ఆరు టీలు రెండయ్యాయి. పడుకునే వేళ, లేచే వేళ పెళ్ళిళ్ళప్పుడు కూడా మార్చలేదు. మిరపకాయల కాలంలో ముక్కుకి గుడ్డ. డాక్టరమ్మ రాసిన ఆపే మందు ఒక్క రోజు తప్పలేదు. మరీ భరించలేని నొప్పి వస్తే ఆవిడ చెప్పిన బిళ్ళ, వారంలో రెండు రోజులకి మించకుండా. క్యాలెండర్ మీద గుర్తులు బట్టల మీద గీసే సుద్దతో పెట్టేది. మొదటి నెల కాగితం ముగ్గులా ఉంది. నాలుగో నెలలో లెక్కపెడితే ఐదు.

పూర్తిగా పోయిందా అని అడుగుతారు. పోలేదు. ఇప్పటికీ నెలకి నాలుగైదు రోజులు ఆ కిటికీకి దుప్పటి కడుతుంది. పార్శ్వపు నొప్పిని ఒక్క బిళ్ళతో, ఒక్క ఆకుతో, ఒక్క తాయెత్తుతో మాయం చేస్తానని ఎవడైనా అంటే వాడి మొహం చూడకుండా వచ్చెయ్యండి. తగ్గుతుంది. పనికి అడ్డం రానంతగా తగ్గుతుంది. అది చిన్న విషయం కాదు, ఆ మిషను ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

కౌంటర్ ఎక్కేవాళ్ళు ఇంకో రెండు గుర్తుపెట్టుకోండి. తలనొప్పి ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చినా, దానితో మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా, జ్వరంతో మెడ పట్టేసినా, అది మీ అల్మరాలో దొరికే వైద్యం కాదు, వెంటనే ఆసుపత్రికి పంపండి. రెండోది, రోజూ వేసుకునే బిళ్ళని మీరు చెప్పారనో నేను రాశాననో ఎవరూ సొంతంగా ఆపకూడదు. డాక్టర్ని అడిగి ఆపాలి. నాగూర్‌బీ వెనక ఒక డాక్టరమ్మ ఉంది కాబట్టి నా తప్పు బయటపడింది.

చీటీ ఏది?

నేను ఉద్యోగం మానేసే రోజు షాపు కిక్కిరిసి ఉంది. పత్తి తీతలు మొదలయ్యాయి, ఊరికి జనం దిగారు. వరసలో నాగూర్‌బీ నిలబడి ఉంది. తన వంతు వచ్చాక కౌంటర్ మీద మోచేయి ఆనించి, నా మొహంలోకి చూస్తూ, "ఎప్పటిదే" అంది.

పాత అలవాటు ఎంత పాపిష్టిదంటే, నా చెయ్యి అల్మరా వైపు బారెడు వెళ్ళింది. ఆపుకున్నాను.

"చీటీ ఏది?"

"ఇన్నేళ్ళు చూసినవాడివి, నాకు చీటీనా?"

"నీకే చీటీ. తియ్యి."

తీసింది. డాక్టరమ్మ రాసిన ఆపే మందు. నేను షీటు తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, తిప్పి, వెనక అక్షరాలు ఒక్కొక్కటి వేలితో తోసుకుంటూ చీటీతో పోల్చి చదవడం మొదలుపెట్టాను. పెదాలు కదులుతాయి నాకు చదివేటప్పుడు. వరసలో ఎవరో, "బస్సు పోతోంది, ఏంటయ్యా ఆ ఆలస్యం?" అన్నారు. ఇంకొకాయన, "రంగు చూసి ఇచ్చెయ్యరాదా?" అన్నాడు.

నాగూర్‌బీ వెనక్కి తిరిగింది.

"ఆగండయ్యా," అంది. "ఆయన చదువుకుంటున్నాడు."